యయాతి – పూరుడు: తండ్రి కోరినది, తిరిగి ఇచ్చినది

  

 

మన ఉత్సవములయందు, భజనలయందు పెద్దలు శ్రీరామచంద్రుని పితృవాక్యపరిపాలనను గూర్చి చెప్పుచుందురు. మనమును భక్తితో వినుచుందుము. దశరథమహారాజు కుమారుని అడవికి బంపవలసివచ్చినందుకు గుండె పగిలి ప్రాణములు విడిచిన తండ్రి. అట్టి తండ్రి మాట నిలుపుట కష్టమే యైనను, ఆ తండ్రిని ప్రేమించుట కష్టము గాదు. కాని మన యిండ్లలోని తండ్రులందరును దశరథులు గారు. కోపిష్ఠులు గలరు, ఎంత చేసినను తృప్తి నొందనివారు గలరు, మంచిమాట యొక్కటియు నోట రానివారు గలరు. అట్టి తండ్రిని విడువక కనిపెట్టుకొని యుండు కొడుకు, అందును కడగొట్టు కొడుకు, మన సంఘమున ప్రతి వీథిలోను ఒక్కడైన కానవచ్చును. అన్నలు పెండ్లిండ్లు చేసికొని వేరు కాపురములకు బోగా, ఆ యింటి బరువంతయు వాని భుజములమీద బడును. వానిని జూచి మనము ‘బంగారు కొడుకు’ అని మెచ్చుకొందుము. మెచ్చుకొని ఎవరి యింటికి వారము పోవుదుము. అట్టి తండ్రికిని, అట్టి కొడుకునకును మహాభారతము ఏమి చెప్పుచున్నదో నేడు విచారింతము.

ఆదిపర్వమున యయాతి కథ కలదు. నన్నయభట్టారకుడు తన ఆంధ్రమహాభారతమునందు దానిని తెనిగించెను. యయాతి చంద్రవంశపు రాజు, నహుషుని కుమారుడు. రాక్షసగురువైన శుక్రాచార్యుని కుమార్తె దేవయానిని ఆతడు వివాహమాడెను. రాక్షసరాజగు వృషపర్వుని కుమార్తె శర్మిష్ఠ, ఒక కలహఫలముగా దేవయానికి దాసియై, ఆమె వెంట యయాతి నగరమునకు వచ్చెను. శర్మిష్ఠను శయ్యకు పిలువరాదని శుక్రుడు ముందుగనే శాసించెను. యయాతి ఆ మాటను దాటెను. దాటుటయే గాక దాచెను. దేవయానికి యదువు, తుర్వసుడు అను ఇరువురును, శర్మిష్ఠకు ద్రుహ్యుడు, అనువు, పూరుడు అను మువ్వురును కుమారులు కలిగిరి. ఐదుగురిలో పూరుడు కడపటివాడు.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. పూరుని తల్లి ఎవరు? పుట్టుకచేత రాజకుమారి, మాటకు కట్టుబడినందున దాసి. కన్నవారి యూరు విడిచి, పరుల యింట పనిచేయుటకు పోయిన స్త్రీ. అట్టి తల్లి కన్న కడపటి బిడ్డకే తుదకు రాజ్యము దక్కినది. ఓడలెక్కి కూలికి వచ్చిన తల్లుల సంతతివారమైన మనము ఈ మాటను మరువరాదు.

రహస్యము బయటపడిన నాడు దేవయాని తండ్రికడకు బోయి మొరపెట్టుకొనెను. శుక్రుడు కోపించి, యయాతిని తత్క్షణమే ముదిమి క్రమ్మునట్లు శపించెను. యయాతి ప్రార్థింపగా కొంత శాంతించి, ఆ ముదిమిని మరియొకరికి మార్చుకొను శక్తిని ప్రసాదించెను. తన వయస్సు నిచ్చిన కుమారునికే రాజ్యము కలుగవలెనని యయాతి కోరగా దానికిని సమ్మతించెను.

తప్పు తండ్రిది, దాని భారమును మోయవలసినవారు కుమారులు. భారతము ఈ సంగతిని కప్పిపుచ్చలేదు.

యయాతి పెద్దకుమారుడైన యదువును మొదట పిలిచి, తన ముదిమిని గ్రహించి యౌవనము నిమ్మని కోరెను. యదువు ఒప్పుకొనలేదు. ముదిమి వచ్చినచో తల నెరయును, మేను ముడుతలు పడును, అన్నపానములు సహింపవు, కొలువువారే తేలికగా జూతురు అనెను. తుర్వసుడు, బలమును రూపమును బుద్ధియు నశించునని తిరస్కరించెను. ద్రుహ్యుడు, ఏనుగునుగాని గుఱ్ఱమునుగాని ఎక్కజాలనివాని బ్రతుకేమి బ్రతుకనెను. అనువు, వృద్ధుడు పసిబిడ్డవలె వేళగాని వేళ తినుచు, శుచి దప్పి, అగ్నికార్యమును సైతము సకాలమున చేయజాలడనెను. ఈ నలువురు పలికినది అసత్యము గాదు. మంచమున బడిన ముసలివానికి సేవచేసినవారికి ఆ మాటలలోని నిజము తెలియును. ఐనను యయాతి ఆ నలువురిని శపించెను. ఆతడట్టి తండ్రి.

తుదకు పూరుని పిలిచెను. పూరుడు వాదింపలేదు, తండ్రి చేసిన తప్పును ఎత్తిచూపలేదు, అన్నలు కాదన్నదానిని నేనేల మోయవలెనని ప్రశ్నింపలేదు. తండ్రీ, నీవు చెప్పినట్లే కావింతునని తన యౌవనము నిచ్చి, ముదిమిని దాల్చెను.

వేయి సంవత్సరములు గడచెను. యయాతి సకలభోగముల ననుభవించెను, యజ్ఞములు చేసెను, ప్రజలను ధర్మముగా పాలించెను. గడువు నిండిన నాడు ఆతనికి తెలిసినది ఒక్కటే: అనుభవించిన కొలది ఆశ పెరుగునే గాని తరుగదు. అప్పుడాతడు పూరుని బిలిచి, నీ యౌవనమును నీవు తీసికొమ్మని తిరిగి ఇచ్చి, తన ముదిమిని తాను గ్రహించెను. పెద్దవాడుండగా చిన్నవానికి పట్టము గట్టుట తగునా యని ప్రజలు అడ్డుపడిరి. వారికి సమాధానము చెప్పి, పూరుని సింహాసనమున నిలిపి, తాను అడవికి తపస్సునకు బోయెను.

సోదరులారా! ఈ కథను మనము సాధారణముగా పూరుని త్యాగమును పొగడుటకే చెప్పుచుందుము. కొడుకులకు బుద్ధి చెప్పుటకు ఇది మంచి కథయని తండ్రులు సంతోషింతురు. కాని ఇది సగము కథ మాత్రమే. తక్కిన సగము తండ్రులను ఉద్దేశించినది. యయాతి కోపిష్ఠి, కామి, మాట దాచినవాడు, కన్నబిడ్డలను శపించినవాడు. ఐనను ఆతడు మూడు పనులు చేసెను. ఆ మూడింటివలననే పూరుని త్యాగము సార్థకమైనది.

మొదటిది, ఆతడు అడిగెను. బలాత్కారముగా లాగికొనలేదు. కాదన్నవారికి కాదను అవకాశముండెను. కావున ఔనన్నవాని ఔను నిజమైన ఔను అయ్యెను. రెండవది, గడువు పెట్టెను. వేయి సంవత్సరములు నిండగానే తిరిగి ఇత్తునని ముందుగనే నోటితో చెప్పెను. మూడవది, గడువు నిండిన నాడు తిరిగి ఇచ్చెను. ఆశ తీరినందున ఇయ్యలేదు; ఆశ తీరలేదని ఆతడే యొప్పుకొనెను. తీరకున్నను ఇచ్చెను. దోషములెన్ని యున్నను యయాతి తండ్రి యనిపించుకొన్నది ఆ దినముననే.

ఈ మూడును లేనిచోట ఏమగునో భారతమే మరల చూపినది. పూరుని వంశమునందే శంతనుడు పుట్టెను. గంగాదేవికి కలిగిన ఎనమండుగురిలో కడపటివాడైన దేవవ్రతుడు ఆతనికి మిగిలిన ఏకైక పుత్రుడు. శంతనుడు సత్యవతిని కోరెను; ఆమెకు పుట్టువానికే రాజ్యమీయవలెనని ఆమెను పెంచిన దాశరాజు పట్టుబట్టెను. శంతనుడు కుమారుని నోరు తెరచి అడుగలేదు, లోలోపల కుమిలెను. మాటతో అడిగినచో కాదనవచ్చును. మూగదుఃఖముతో అడిగినచో మంచి కొడుకు కాదనలేడు. దేవవ్రతుడు రాజ్యమును విడిచెను, జీవితాంతము బ్రహ్మచర్యము నవలంబించెను, భీష్ముడని పేరొందెను. తండ్రి సంతోషించి స్వచ్ఛందమరణమను వరము నిచ్చెనే గాని, పోయిన యౌవనమును తిరిగి ఇయ్యజాలకపోయెను. ఆ త్యాగమునకు గడువు లేకపోయెను. సత్యవతి కుమారులిరువురును సంతానము లేకయే గతించిరి. భీష్ముడు మూడు తరములవారికి కావలి కాచి, తుదకు తన యింటివారే ఒకరినొకరు చంపుకొనుచుండగా అంపశయ్యపై నొరగెను. ఆ మహానుభావుని త్యాగమును తక్కువచేయుటకు ఈ మాట చెప్పుటలేదు. కొడుకు భీష్ముడంతవాడైనను, తండ్రి తిరిగి ఇయ్యనిచో ఇల్లు నిలువదని చెప్పుచున్నాను.

ఇక మన సంగతికి వత్తము. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి డర్బను రేవు చేరినది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు గిర్మిట్టుపై ఈ నేటాలు దేశమునకు వచ్చిరి. వారిలో మన తెలుగువారు అనేకులు. వారి యొప్పందము 5 సంవత్సరములకు. మొదటి సంవత్సరమున నెలకు 10 షిల్లింగుల కూలి. ఆ యొప్పందము ముగిసిన పిమ్మట మరల గిర్మిట్టునకు లోబడక, ఓడనెక్కి తిరిగి పోక, ఇచ్చటనే స్వేచ్ఛగా నిలువదలచినవారిపై 1895 చట్టము ఏటేట 3 పౌనుల పన్ను విధించెను. మూడు పౌనులనగా 60 షిల్లింగులు. క్రొత్తగా వచ్చిన కూలివానికి ఆరునెలల కూలి. అది చాలదన్నట్లు 1903లో ఆ పన్నును 16 ఏండ్లు నిండిన కుమారులకును, 13 ఏండ్లు నిండిన కుమార్తెలకును విస్తరింపజేసిరి. తండ్రి బరువును బిడ్డల నెత్తిన బెట్టిన శాపమది. వారిని ఎవరును అడుగలేదు. తీసికొన్నదానిని తిరిగి ఎవరును ఇయ్యలేదు. 1913లో వేలకొలది కార్మికులు పనిమాని సమ్మెచేసి చెఱసాలలకు పోయిన మీదట, 1914లో మాత్రమే ఆ పన్ను రద్దయ్యెను.

ఇది ఏల చెప్పుచున్నాననగా, మన తాతముత్తాతలలో పలువురు అకాలమున ముదిమి నొందినవారే. యయాతి ముదిమి తన తప్పుచేత వచ్చినది. వారి ముదిమి చెరకుతోటలో సర్దారు కేకల నడుమ వచ్చినది. పగలంతయు తలవంచి పనిచేసినవాడు రాత్రి ఇంటిలో తల యెత్తి గర్జించెను. బయట మాట చెల్లనివాడు ఇంటిలో తన మాటకు ఎదురుండరాదని శాసించెను. కొందరు కల్లుకును సారాయికిని లోబడిరి. ఆ కాఠిన్యము తండ్రినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి వారసత్వముగా దిగివచ్చినది. కఠినుడైన తండ్రిని జూచినప్పుడు, ఈతనికి ఈ ముదిమి ఎక్కడినుండి వచ్చినదని ఒక్కసారి తలపోసినచో మన కోపము కొంత కరుగును. కరుగవలెను. కాని కారణము తెలిసినంతమాత్రమున తప్పు ఒప్పు కాజాలదు. గిర్మిట్టునకైనను 5 సంవత్సరముల గడువుండెను. మన యిండ్లలోని కడగొట్టు కొడుకు గిర్మిట్టునకు గడువే లేకున్నది. తాతలను బాధించినదానికంటె కఠినమైన కట్టును తండ్రి తన బిడ్డకు వేయవచ్చునా?

చాల యేండ్ల క్రిందట ఈ తీరముననే, ఒక చక్కెర మిల్లునకు సమీపమున నొక వృద్ధుడుండెను. పేరు చెప్పను, అట్టివారు ప్రతి యూరను గలరు. పండ్రెండవ యేట తోటపనిలో చేరినవాడు. నలుగురు కొడుకులు. ముగ్గురు తండ్రి నోటికి జడిసి దూరముగా కాపురములు పెట్టిరి. కడగొట్టువాడు పదునారవ యేట చదువు మాని, మిల్లులో పనికి కుదిరి, తల్లి పోయిన పిమ్మట తండ్రికి తానే వండిపెట్టుచుండెను. తండ్రికి పక్షవాతము వచ్చి ఒక ప్రక్క పడిపోయెను. ప్రతి యుదయము స్నానము చేయించుట, ప్రతి సాయంకాలము కాళ్లు పిసుకుట వాని పని. నీళ్లు వేడిగా నున్నవని తిట్టు, చల్లగా నున్నవని తిట్టు. సంబంధము మాటలాడవచ్చినవారిని ముసలివాడు గుమ్మములోనే కసరి పంపెడివాడు. కొడుకునకు ముప్పదినాలుగేండ్లు నిండెను.

ఆ వృద్ధునికి భారతము వినుట ఇష్టము. నేను సాయంకాలములందు వెళ్లి చదివి వినిపించుచుంటిని. ఒకనాడు ఈ యయాతి కథ వచ్చినది. యయాతి కొడుకులను శపించుచోట ముసలివాడు తల యూచి, ‘మంచి పని చేశాడు’ అనెను. యౌవనమును తిరిగి ఇచ్చు ఘట్టము చదివినప్పుడు మాత్రము చాలసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా అడిగెను: ‘పంతులుగారూ, తిరిగి ఇచ్చినప్పుడు ఆ పిల్లవాడు ఏమన్నాడండీ?’

పూరుడు తన యౌవనమును తిరిగి తీసికొనెనని మాత్రమే నేను చదివితినని చెప్పితిని.

‘ఏమీ అనలేదా?’ అని మరల అడిగెను. లోపల వంటయింటిలో కొడుకు గిన్నెలు కడుగుచున్న చప్పుడు వినబడుచుండెను. ముసలివాడు ఆ వైపునకు చెవియొగ్గి, కన్నులు మూసికొనెను.

ఆ వచ్చిన ఆదివారము ఆతడు దూరముననున్న ముగ్గురు కొడుకులకును కబురంపెను. ఏదియో తిట్టుటకే పిలిచెనని భయపడుచు వారు వచ్చిరి. ‘చిన్నోడు పద్దెనిమిదేళ్లు నన్ను మోశాడు. ఇక చాలు. వాడికి పెళ్లి చెయ్యాలి. నెలకు ఒకరి ఇంట్లో నేనుంటాను. మీకు కష్టమైతే ఇప్పుడే చెప్పండి, తిట్టను’ అనెను. తిట్టనని ఆతడు పలుకుట వారు జన్మలో వినియుండలేదు. పెద్దకొడుకు మొదట తలవంచుకొని, పిమ్మట తండ్రి మంచముప్రక్క కూర్చుండెను. కడగొట్టువాడు మాత్రము, ‘నాయనా, నేనేం తప్పు చేశాను? నన్నెందుకు పంపేస్తున్నావు?’ అని యేడ్చెను. ‘నిన్ను పంపడం లేదురా. నీది నీకిస్తున్నాను’ అని తండ్రి అనెను.

పూరుడేమనెనని నన్నడిగిన ప్రశ్నకు ఆ యింటిలో నాకు సమాధానము దొరికినది. ఇచ్చుటకు అలవాటుపడినవానికి తిరిగి తీసికొనుట దుఃఖముగానే యుండును. ఐనను ఇయ్యవలసినవారు ఇయ్యవలెను. ఆ కొడుకునకు మరుసటి వేసవిలో వివాహమయ్యెను. ముసలివాడు మరి రెండేండ్లు బ్రదికెను. స్వభావము పూర్తిగా మారెనని చెప్పజాలను. కోడండ్రు చేసిన పప్పులో ఉప్పు తక్కువైనదని నలుగురి యిండ్లలోను కేకలు వేసెను. కాని కడకాలమున నలుగురు కొడుకులును ఆతని చుట్టునుండిరి.

ఇక నా విన్నపములు. తండ్రులారా! మీ కడగొట్టు బిడ్డ కాదనలేనివాడని తెలిసి, అడుగకయే తీసికొనకుడు. తీసికొన్నచో గడువు చెప్పుడు. మీ శరీరము బాగుపడిన పిమ్మట ఇత్తునని ఎదురుచూడకుడు. యయాతి ఆశ తీరకుండగనే ఇచ్చెను. ఒక్క మంచిమాటయైనను బ్రదికియుండగా వాని చెవిని వేయుడు.

కడగొట్టు కుమారులారా! పెండ్లి మానుకొని తల్లిదండ్రులను సాకుచున్న కుమార్తెలారా! మీ సేవ వృథా కాదు. పేరు లేకున్నను భగవంతుడు లెక్క వ్రాసికొనుచున్నాడు. కాని ఒక్క సంగతి మరువకుడు. పూరుడు తన యౌవనము నిచ్చెనే గాని, ఇతరుల యౌవనము నిచ్చి పేరు దెచ్చుకొనలేదు. తండ్రి కోపమునకు మీ భార్యను, మీ బిడ్డలను బలియిచ్చుట పితృభక్తి గాదు. తండ్రి చేయి వారిపై లేచినప్పుడు అడ్డముగా నిలుచుటయు ధర్మమే.

దూరముగానున్న అన్నలారా! మీరు కాదన్నందుకు కారణముండవచ్చును. యదువు చెప్పిన కారణమును నిజమే. తండ్రి ఆతని సంతతికి రాజ్యము లేకుండునట్లు శపించెను. కాని ఆ యదువంశముననే శ్రీకృష్ణపరమాత్మ అవతరించెను! తండ్రి కోపముతో మూసిన తలుపును భగవంతుడు తెరచి, ఆ గుమ్మముననే లోనికి వచ్చెను. కావున తండ్రి యొకనాడు తిట్టెనని ఇంటికి రాక మానకుడు. ఒక నెల, ఒక వారము, తమ్ముని భుజముపై బరువును మీ భుజముపై పెట్టుకొనుడు.

మనము ఈ దేశమున పుట్టి తరములు గడచినవి. మన బిడ్డలకు భాషను, భజనను, పండుగను అందింపవలెనని శ్రమించుచున్నాము. వానితోపాటు వారి యౌవనమును వారికి అప్పగింపవలెను. పితృఋణమును తీర్చుకొనుట పుత్రధర్మమైనచో, పుత్రఋణమును గుర్తించుట పితృధర్మము.

ఆ పరమాత్మ మన గృహములయందు కఠినహృదయములను కరిగించి, సేవచేయు చేతులకు విశ్రాంతి నిచ్చి, దూరమైనవారిని దగ్గర చేయుగాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.